కట్టడానికా, సామానుకా: ఇంటి బీమా ఎంపిక

సభకు నమస్కారం.

ఇంటికి బీమా ఉందని చెప్పేవారిని దేనికి ఉందని అడిగితే చాలామంది కాసేపు ఆలోచనలో పడతారు. గోడలకా, గోడల మధ్య ఉన్న సామానుకా అన్న ప్రశ్న పాలసీ తీసుకున్న రోజున ఎవరికీ తట్టకపోయినా, క్లెయిమ్ పెట్టిన రోజున తప్పకుండా ఎదురవుతుంది.

పునాది, గోడలు, పైకప్పు, తలుపులు, కిటికీలు, గోడల్లో పోయే కరెంటు తీగలు, నీటి పైపులు, కదలకుండా బిగించిన అలమరలు కట్టడం బీమా కిందికి వస్తాయి. మంచాలు, బట్టలు, టీవీ, ఫ్రిజ్, వంట సామాను, పుస్తకాలు, నగలు సామాను బీమా కిందికి వస్తాయి. ఇంటిని తలకిందులు చేస్తే రాలిపడేది సామాను, అంటిపెట్టుకొని ఉండేది కట్టడం అని బీమా రంగంలో ఒక వాడుక ఉంది. స్థూలంగా అది సరిపోతుంది. గోడకు బిగించిన ఏసీ, నేలకు అతికించిన కార్పెట్ వంటివాటి దగ్గర మాత్రం కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది కాబట్టి, పాలసీ పత్రంలోని నిర్వచనాల భాగం చదవక తప్పదు.

ఈ విభజన చాలా పాతది. 1666లో లండన్ నగరంలో పదమూడు వేలకు పైగా ఇళ్లు తగలబడిపోయాక, 1680 ప్రాంతంలో నికొలస్ బార్బన్ అనే భవన నిర్మాణ వ్యాపారి అక్కడ ప్రారంభించిన అగ్ని బీమా కట్టడాలకు ఉద్దేశించినది. సామానుకు బీమా ఆ తరువాత వచ్చింది. గోడల యజమాని, వాటి మధ్య బతికే మనిషి ఎప్పుడూ ఒకరే కానక్కర్లేదు గనుక రెండూ వేరువేరుగా నిలిచాయి.

అసలు ఎంపికకు ఆధారం కూడా ఇదే: పోతే నష్టం ఎవరిది? అద్దెకున్నవారికి కట్టడం బీమాతో పని లేదు, ఎందుకంటే ఇల్లు కూలితే ఆ నష్టం యజమానిది. కానీ యజమాని చేయించిన బీమా అద్దెదారు బట్టలకు గానీ, ల్యాప్‌టాప్‌కు గానీ రక్షణ ఇవ్వదు. ఇల్లు అద్దెకిచ్చిన యజమానికి కట్టడం బీమా ముఖ్యం, అద్దె ఆదాయం ఆగిపోతే ఆదుకునే ఏర్పాటు కూడా ఉంటే మరీ మంచిది. ఫ్లాట్ కొన్నవారు ముందుగా సంఘం తరఫున భవనం మొత్తానికి పాలసీ ఉందో లేదో, అది ఫ్లాట్ లోపలి గోడల వరకు వర్తిస్తుందో లేదో కనుక్కోవాలి.

ఒక చిన్న ప్రమాదాన్ని దగ్గరగా చూద్దాం. రాత్రి వేళ వంటగది సింకు కింద పైపు ఒక్కసారిగా పగిలింది. తెల్లారేసరికి గోడ పెచ్చులూడి, బిగించిన అలమర చెక్క ఉబ్బిపోయింది. పక్కగదిలో పరుపు, నేల మీద పెట్టిన కంప్యూటర్ తడిసిపోయాయి. నీరు ఒక్కటే, నష్టం రెండు ఖాతాల్లో పడింది. గోడా అలమరా కట్టడం పాలసీకి, పరుపూ కంప్యూటరూ సామాను పాలసీకి చెందుతాయి. ఒకటే పాలసీ ఉన్నవారికి పరిహారం ఒకవైపే దక్కుతుంది. అదే పైపు నెలల తరబడి చుక్కచుక్కగా కారి గోడ పాడైతే, దాన్ని నిర్వహణ లోపంగా లెక్కగట్టి రెండు పాలసీలూ సాధారణంగా తిరస్కరిస్తాయి.

ఏది తీసుకోవాలన్నదానికన్నా ఎంతకు తీసుకోవాలన్న దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారని నా అభిప్రాయం. కట్టడానికి బీమా మొత్తం అంటే ఇల్లు అమ్మితే వచ్చే ధర కాదు. అందులో స్థలం విలువ కలిసి ఉంటుంది, స్థలం కాలిపోదు. శిథిలాలు తొలగించి, అదే ఇంటిని మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ప్రీమియం తగ్గుతుందని ఈ మొత్తాన్ని కుదిస్తే ఏమవుతుందో చూడండి. తిరిగి కట్టే ఖర్చు వంద అనుకుంటే, అరవైకే బీమా చేయించారు. నలభై మేర నష్టం జరిగింది. నలభై అరవై లోపే కదా అనుకుంటాం, కానీ దామాషా నిబంధన, అంటే ఖర్చులో ఎంత వంతుకు బీమా చేయిస్తే నష్టంలోనూ అంత వంతే ఇస్తామన్న షరతు, ఉన్న పాలసీలో చేతికి వచ్చేది ఇరవై నాలుగే.

సామాను విషయంలో తరుగుదలను చూసుకోవాలి. కొన్ని పాలసీలు వాడిన కాలానికి తగ్గట్టు విలువ కోసి ఇస్తాయి, కొన్ని కొత్త వస్తువు ధరే ఇస్తాయి. నగలకు, ఖరీదైన ఒక్కో వస్తువుకు విడిగా పరిమితి ఉంటుంది. వాటిని పేరుపేరునా నమోదు చేయించాలి.

సొంత ఇంట్లో ఉంటూ ఒక్కటే చేయించగల స్థోమత ఉన్నవారికి నేను కట్టడం బీమానే చెబుతాను. దొంగతనం వంటి సామాను నష్టాలు బాధాకరమే అయినా నెమ్మదిగా కొనుక్కొని కోలుకోవచ్చు. ఇల్లు పూర్తిగా పోతే చాలా కుటుంబాలు మళ్లీ కట్టుకోలేవు, పైగా అప్పు వాయిదాలు ఆగవు. అప్పిచ్చిన బ్యాంకు చేయించిన బీమా ఉందిలే అని ధీమాగా ఉండకండి. అది ఎంత మొత్తానికి ఉందో చూడండి, ఎందుకంటే అది కొన్నిసార్లు అప్పు మేరకే ఉంటుంది.

ఏ పాలసీ తీసుకున్నా, ఇల్లు ఎన్నాళ్లు వరుసగా ఖాళీగా ఉంటే రక్షణ తగ్గుతుందో అడిగి తెలుసుకోండి. గదిగదికీ ఫొటోలు తీసి, బిల్లులతో సామాను జాబితా తయారు చేసుకోండి. ఆ జాబితా ఇంట్లోనే ఉంటే ఇంటితోపాటే పోతుంది గనుక, ఒక ప్రతిని ఈమెయిల్‌లోనో, వేరేచోట ఉన్న దగ్గరివారి వద్దనో భద్రపరచండి.

పాలసీ పత్రాలు వెంట తెచ్చుకున్నవారు దయచేసి ముందుకు రండి. మీ ప్రశ్నలతోనే మిగతా సమయం గడుపుదాం.