టక్కుమన్నప్పుడు కదలని పిస్టల్

వ్యాఖ్యాత: నమస్కారం. ఆత్మరక్షణ కోసం పిస్టల్ నేర్చుకోవాలని షూటింగ్ రేంజికి వచ్చినవాళ్లు మెరుపులా తుపాకీ తీసి కాల్చడంతోనే మొదలుపెట్టాలనుకుంటారు. మీరు ఒప్పుకోరట కదా?

శిక్షకురాలు: ఒప్పుకోనండి. చాలా రేంజిల్లో కొత్తవాళ్లను అలా తీయనివ్వరు కూడా. నా దగ్గర మొదటిరోజు దూరం మూడు మీటర్లే. ‘ఇంత దగ్గరా!’ అని చిన్నబుచ్చుకుంటారు. అక్కడి నుంచి కాల్చినా తూటా గురికి దిగువన తగులుతుంది.

వ్యాఖ్యాత: ఎందుకలా?

శిక్షకురాలు: పేలుతుందని ఒంటికి ముందే తెలుసు. శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, పైగా చేతిని వెనక్కి తంతుంది. ఆ తాకిడిని అణచాలని, తూటా బయటపడకముందే మణికట్టు కిందికి వంగుతుంది. కుడిచేతివాటం వాళ్లకు రంధ్రాలు సాధారణంగా కిందికి, ఎడమకు పడతాయి. తాము కదిలామన్న సంగతి వాళ్లకే తెలియదు.

వ్యాఖ్యాత: చెబితే నమ్ముతారా?

శిక్షకురాలు: నమ్మరు. అందుకే అసలు తూటాల మధ్య మందు లేని డమ్మీలు కలిపి, మ్యాగజైన్ (పిస్టల్‌లో తూటాలు పెట్టే డబ్బా) నేనే నింపి ఇస్తాను. రెండు తూటాలు పేలతాయి. మూడోసారి ‘టక్’ అంటుంది, అంతే. పేలుడు లేదు, అయినా పిస్టల్ మొన గభాలున కిందికి దూకుతుంది. అది కళ్లారా చూశాక ముఖం మారిపోతుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా రాని మార్పు అది!

వ్యాఖ్యాత: టక్కుమన్నాక వెంటనే పిస్టల్ తెరిచి చూసుకోవచ్చా?

శిక్షకురాలు: వద్దు! అది డమ్మీయో, ఆలస్యంగా పేలబోయే తూటాయో వాళ్లకేం తెలుసు? మొన లక్ష్యం వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ నుంచి తీసి, 30 సెకన్లు ఆగాలి. ఈ ఒక్క విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. చెవులకు, కళ్లకు రక్షణ లేనిదే లోపలికి రానివ్వను. వెళ్లేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం అంటుకుని ఉంటుంది.

వ్యాఖ్యాత: ఆ ఉలికిపాటు పోయేదెలా?

శిక్షకురాలు: చూపును ముందు సైటు మీద, అంటే పిస్టల్ మొన పైన గురి చూసేందుకు ఉండే చిన్న బుడిపె మీద నిలిపి, వేలికొన మెత్తని భాగంతో ట్రిగ్గర్‌ను మెల్లగా వెనక్కి నొక్కుతూ పోవాలి. ఏ క్షణాన పేలుతుందో ఊహించకూడదు. ఒక్కో తూటాకు ఎంత సేపు పట్టినా నేను తొందరపెట్టను. డమ్మీ వచ్చి టక్కుమన్నా సైటు వణకని రోజున లక్ష్యాన్ని ఏడు మీటర్లకు జరుపుతాను.