అటక పెద్దదైతే వంట త్వరగా అవుతుందా? రౌటర్లలో ఫ్లాష్ మెమరీ సంగతి

నమస్కారం. "రౌటర్ నెమ్మదించింది, ఫ్లాష్ పెంచాం, అయినా తేడా లేదు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు ఖర్చయింది, ఆఫీసు నెట్‌వర్క్ ఒక పూట ఆగింది, సమస్య మాత్రం ఉన్నచోటే ఉంది.

పండగ గంగాళాలు ఎక్కడుంటాయి? అటక మీద. వంట ఎక్కడ చేస్తాం? గట్టు మీద. కరెంటు పోయినా ఫైళ్లను దాచి ఉంచే ఫ్లాష్ అటక, పని జరిగే మెమరీ అయిన ర్యామ్ గట్టు. సిస్కో 2811 రౌటర్‌నే తీసుకోండి. ఆన్ చేయగానే ఫ్లాష్‌లోని ఐఓఎస్ (రౌటర్‌ను నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) ఫైలును దించి, విప్పి, ర్యామ్‌లో పరుచుకుంటుంది. ఇక ప్యాకెట్ల (నెట్‌వర్క్‌లో తిరిగే డేటా ముక్కల) పనంతా అక్కడే. ఆ ఫైలు పేరులో ‘ఎంజెడ్’ అని ఉంటుంది చూడండి. ఎం అంటే ర్యామ్‌లో నడిచేది, జెడ్ అంటే జిప్ చేసి కుదించినది. ఇంత ముఖ్యమైన విషయం పేరులోనే ఉండటం నాకు భలే ఇష్టం.

మరి అటక ఎప్పుడు పెంచాలి? సామాను పట్టనప్పుడు. 2811కు కంపెనీ ఇచ్చిన ఫ్లాష్ కార్డు 64 ఎంబీ, గరిష్ఠంగా 256 పెట్టుకోవచ్చు. చోటు లేదని పాత ఐఓఎస్‌ను చెరిపి కొత్తది ఎక్కించే పద్ధతి నాకు అసలు నచ్చదు. కాపీ మధ్యలో తెగితే అటక ఖాళీ! అలా జరిగితే కంగారుపడి రీబూట్ చేయకండి. వంట గట్టు మీదే ఉంది కాబట్టి ఈ పూటకు భోజనం ఆగదు, రౌటర్ నడుస్తూనే ఉంటుంది. ఈలోగా మళ్లీ కాపీ చేయండి. ఆఫ్ చేశారో, మళ్లీ ఆన్ చేసినప్పుడు రోమ్‌మాన్ (ఐఓఎస్ దొరకనప్పుడు కనిపించే చిన్న ప్రారంభ ప్రోగ్రామ్) దగ్గర ఆగిపోతుంది. పాతది, కొత్తది రెండూ పక్కపక్కన పట్టాలి. ఫ్లాష్ పెంచడానికి అసలు కారణం ఇదే.

ఫైర్‌వాల్ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ఈ రౌటర్‌లో కాన్ఫిగరేషన్ (మనం పెట్టుకున్న సెట్టింగులు) ఎన్‌వీర్యామ్ అనే వేరే చిన్న మెమరీలో ఉంటుంది, అంటే వంటల జాబితా విడిగా గోడగూట్లో ఉన్నట్టు. సిస్కో ఏఎస్ఏ 5510 ఫైర్‌వాల్‌లో ఆ జాబితా కూడా అటక మీదే! లైసెన్స్ యాక్టివేషన్ కీ సైతం ఫ్లాష్‌లోనే, కనిపించని ఫైలుగా ఉంటుంది. కార్డు తీస్తే రెండూ దానితోపాటే పోతాయి. ముందుగా ‘షో యాక్టివేషన్-కీ’ కొట్టి, వచ్చినది రాసి పెట్టుకోండి. అది మీ పెట్టె సీరియల్ నంబరుకు ముడిపడిన కీ, మళ్లీ ఎక్కించుకోవచ్చు. 2010లో వచ్చిన ఏఎస్ఏ సాఫ్ట్‌వేర్ 8.3 వెర్షన్‌కు 5510లో 1 జీబీ ర్యామ్ కావాలి. అక్కడ పెంచాల్సింది గట్టు, అటక కాదు.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ‘షో ఫ్లాష్’తో ఖాళీ చూడండి. ఐఓఎస్‌ను, కాన్ఫిగరేషన్‌ను టీఎఫ్‌టీపీ సర్వర్‌కు (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపి దాచుకునే కంప్యూటర్‌కు) కాపీ చేయండి. రౌటర్ నడుస్తుండగానే కార్డు మార్చండి, ఆఫ్ చేస్తే ఖాళీ కార్డుతో రోమ్‌మాన్ దగ్గరే ఆగుతుంది. కెమెరాల కార్డు కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు రోమ్‌మాన్ దాన్ని గుర్తించదు. ఆఫీసు రౌటర్‌లో ఆ ప్రయోగం వద్దు. కొత్త కార్డును రౌటర్‌లోనే ఫార్మాట్ చేసి, ఫైలు ఎక్కించి, ‘వెరిఫై’తో ఎండీ5 (ఫైలు చెడలేదని తేల్చే గుర్తు సంఖ్య) సరిచూసి, ఏ ఫైలుతో మొదలవ్వాలో చెప్పే ‘బూట్ సిస్టమ్’ లైను సరిచేసి, సేవ్ చేసి, అప్పుడే రీలోడ్ చేయండి.

పాత కార్డును కొన్నాళ్లు దాచండి. ఏఎస్ఏలోనిదైతే మీ కాన్ఫిగరేషన్ ఇంకా అందులోనే ఉంది, చెరపకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి.