సూపర్ బ్రో అంటే సరిపోతుందా? జిమ్ స్నేహాల మీద ఒక ఎపిసోడ్

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం నాతో ఉన్నది విశాఖలో మా జిమ్ పొద్దున్న బ్యాచ్ మనిషి. బ్యాంకులో ఉద్యోగం, నలభై దాటాక బార్‌బెల్, అంటే రెండు చివర్లా బరువు ప్లేట్లు తగిలించే కడ్డీ, పట్టారు. పేరు చెప్పొద్దన్నారు. జిమ్‌లో అందరూ అక్క అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అంతే.

అక్క: పేరు చెప్తే రేపు బ్రాంచిలో బీరువాలు జరపమని నన్నే పిలుస్తారు తమ్ముడూ.

హోస్ట్: (నవ్వు) సరే అక్కా, నేరుగా విషయంలోకి వెళ్దాం. ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టాడు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి జిమ్‌లో చేరారట. మొదట్లో స్క్వాట్, అంటే భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీలా కూచుని లేవడం, వారానికి ఐదేసి కిలోలు పెరిగింది, ఇప్పుడు అరవై దగ్గర ఆగిపోయింది. మిగతా ముగ్గురూ ముందుకెళ్ళిపోతున్నారు. గ్రూపులో వీడియో పెడితే సూపర్ బ్రో, తగ్గేదేలే అని మెసేజ్‌లు. అవి చూస్తే ఇంకా నీరసం వస్తోందంటున్నాడు.

అక్క: రాదా మరి! వాళ్ళు వీడియో చూడకుండానే సూపర్ అంటున్నారని వాడికి తెలుసు. పెళ్ళిలో "భోజనాలు బాగున్నాయండీ" అన్నట్టు ఉంటుంది అది. వాడికి కావలసింది పొగడ్త కాదు. పోయిన వారం ఎంత ఎత్తాడో, ఎలా ఎత్తాడో గుర్తున్న మనిషి ఒకరు కావాలి.

హోస్ట్: గుర్తుండటమంటే?

అక్క: మన బ్యాచ్‌లో ఒకాయన ఉన్నాడు కదా, రిటైర్డ్ టీచరు. మాట్లాడటమే తక్కువ. నేను యాభై కిలోల స్క్వాట్ దగ్గర చాలాకాలం నలిగాను. బరువు పెరగట్లేదు, ఇంట్లోవాళ్ళు "ఇంకా ఎందుకే" అంటున్నారు. ఒకరోజు సెట్, అంటే ఆగకుండా వరసగా ఐదుసార్లు దిగి లేవడం (ఒక్కోసారిని రెప్ అంటాం), అయ్యి బార్ పెట్టేసరికి ఆయన వచ్చి, "అమ్మా, పోయినసారి నాలుగో రెప్‌లో మీ కుడి మోకాలు లోపలికి వచ్చింది. ఇవాళ ఐదింట్లోనూ రాలేదు" అన్నాడు. అంతే, మళ్ళీ తన సైకిల్ మీదికి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదనుకో.

హోస్ట్: బరువు మాత్రం అదే యాభై.

అక్క: అదే యాభై. కానీ అది వేరే యాభై. ఆ తేడా నాకు కనపడలేదు, ఆయనకి కనపడింది.

హోస్ట్: ఇక్కడ కాస్త లెక్క మాట్లాడదాం. చాలామందికి మొదటి రెండు మూడు నెలలు బరువు గబగబా పెరుగుతుంది. అందులో కొత్తగా వచ్చిన కండ కొంతే. ఉన్న కండనే ఎక్కువగా వాడుకోవడం మెదడు, నరాలు నేర్చుకుంటాయి, కదలిక అలవాటవుతుంది. ఆ పాఠం అయిపోయాక అసలు కండ పెరగాలి, దానికి నెలలు పడుతుంది. మనవాడేమో మొదటి నెల స్పీడునే కొలబద్దగా పెట్టుకున్నాడు.

అక్క: వారానికి రెండున్నర కిలోలే వేసుకో. ఏడాదికి నూట ముప్ఫై అవుతుంది. అలా ఐదేళ్ళు పెరిగితే లారీలెత్తొచ్చు. ఎవరికీ పెరగదు. ఆగడమే మామూలు.

హోస్ట్: ఇంకో సంగతి. అన్ని లిఫ్ట్‌లకీ రెండున్నర కిలోలు ఒకటి కాదు. నేల మీంచి బార్‌ని తొడల దాకా ఎత్తే వంద కిలోల డెడ్‌లిఫ్ట్‌కి కలిపితే అది నూటికి రెండున్నర వంతు. భుజాల దగ్గర నుంచి తల మీదికి నెట్టే పాతిక కిలోల ఓవర్‌హెడ్ ప్రెస్‌కి కలిపితే పదో వంతు. అందుకే ఆడవాళ్ళకి, కొత్తవాళ్ళకి భుజాల వ్యాయామం దగ్గర ముందు ఆగిపోతుంది. జిమ్‌లో చాలాచోట్ల అన్నిటికన్నా చిన్న ప్లేటు ఒకటింబావు కిలో. రెండు వైపులా వేస్తే రెండున్నర అయిపోతుంది.

అక్క: నేను అర కిలో ప్లేట్లు రెండు కొనుక్కుని బ్యాగులో పెట్టుకుంటాను. మొదట్లో కుర్రాళ్ళు నవ్వారు. ఇప్పుడు "అక్కా, ఆ బుల్లి ప్లేట్లు ఓసారి ఇస్తారా" అని వాళ్ళే అడుగుతున్నారు. తిరిగి ఇవ్వడం మాత్రం మర్చిపోతారు, అది వేరే విషయం.

హోస్ట్: నేనే ఒకసారి కారులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళాను కదా.

అక్క: నీ గురించే చెప్తున్నాను. సరే, ఆ అబ్బాయికి నేను చెప్పేదేమిటంటే, ఒక నోటుబుక్కు పెట్టు. ఫోన్లో అయినా సరే. బరువొక్కటే కాదు, ఎన్ని రెప్స్, సెట్‌కి సెట్‌కి మధ్య ఎంతసేపు ఆగావు, చివరి రెప్ అయ్యాక ఇంకా ఎన్ని చేయగలననిపించింది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు. అరవై కిలోలు ఐదు రెప్స్ నుంచి ఎనిమిదికి వెళ్ళావంటే పెరిగినట్టే. ఐదు నిమిషాలు కూలబడేవాడివి మూడు నిమిషాలకే లేస్తున్నావంటే, అదీ పెరిగినట్టే. ఫ్రెండ్స్ నలుగురూ గ్రూపులో వీడియోలు కాకుండా ఆ పేజీలు పెట్టుకోండి. మాట్లాడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

హోస్ట్: స్పాటింగ్ గురించి, అంటే ఎత్తేవాడు తడబడితే బార్ పట్టుకోవడానికి దగ్గర నిలబడటం గురించి కూడా చెప్పండి. ప్రోత్సాహం అనుకుని జిమ్‌లో ఎక్కువ చెడగొట్టేది అక్కడే.

అక్క: అబ్బా, ఆ "లే లే లే లే" గోల! బెంచ్ ప్రెస్‌కి ఒకడు బెంచ్ మీద పడుకుని ఛాతీ మీంచి బార్‌ని పైకి నెడుతుంటాడు. వెనకాల ఫ్రెండ్ నిలబడి రెండు చేతులతో బార్ పట్టుకునే ఉంటాడు. మొదటి రెప్ నుంచే లాగుతుంటాడు. ఎనిమిది రెప్స్ అయ్యాక ఇద్దరూ చేతులు కలుపుకుంటారు. వీడికి ఛాతీ వ్యాయామం అయింది, వాడికి వీపు వ్యాయామం అయింది, పుస్తకంలో మాత్రం మొత్తం వీడి పేరు మీదే రాస్తారు.

హోస్ట్: మరి సరిగ్గా ఎలా నిలబడాలి?

అక్క: ముందు అడగాలి. ఎన్ని చేస్తావు, బార్ తీసి ఇవ్వాలా, ఎప్పుడు పట్టుకోవాలి. ఈ మూడూ పడుకోకముందే తేల్చుకోవాలి, బార్ గుండెల మీదికి వచ్చాక కాదు. తర్వాత అరచేతులు బార్ కింద, తాకకుండా, బార్‌తోపాటే పైకీ కిందికీ కదలాలి. బార్ నెమ్మదిగా లేస్తోందంటే లేస్తున్నట్టే, వదిలెయ్. మొహం ఎర్రబడినా సరే. ఆగి కిందికి దిగడం మొదలైందా, ఇక ఆలోచించకుండా పట్టేసుకో. ఆ నెమ్మదిగా లేచే రెప్ చూశావూ, దాంట్లోనే ఉంది అసలు సరుకంతా. దాన్ని లాగేసుకున్నావంటే ఫ్రెండ్ నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టే.

హోస్ట్: ఒంటరిగా చేసేవాళ్ళు వినండి. స్పాటర్ లేకుండా బెంచ్ ప్రెస్ చేస్తుంటే ప్లేట్లకి క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుంటే బార్‌ని ఒక పక్కకి వంచితే ప్లేట్లు జారిపోతాయి. గదంతా మోగుతుంది, కానీ మెడ దక్కుతుంది. స్క్వాట్ అయితే ర్యాక్ అనే ఇనుప చట్రం లోపలే, అడ్డంగా ఉండే సేఫ్టీ రాడ్లు, మీరు పూర్తిగా దిగినప్పుడు బార్ వచ్చే చోటుకి కాస్త దిగువన పెట్టుకుని చేయండి. బెంచ్ ప్రెస్‌లో బొటనవేలు బార్ చుట్టూ తిప్పే పట్టుకోండి.

అక్క: ఇంకోటి. బార్ కింద మనిషి ఉన్నప్పుడు నాలుగు వైపుల నుంచి నలుగురు సలహాలివ్వకూడదు. ఛాతీ ఎత్తు, మోకాళ్ళు బయటికి, ఊపిరి బిగించు అని చెవిలో జోరీగల్లా మోగితే వాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒకటే మాట, ఒకళ్ళే చెప్పాలి. మిగతావి సెట్ అయ్యాక, నీళ్ళు తాగాక.

హోస్ట్: అక్కా, మీ సొంతూరు శ్రీకాకుళం వైపు. అక్కడ బరువులకి పెద్ద చరిత్రే ఉంది.

అక్క: మా వైపు పిల్లలకి కోడి రామ్మూర్తి నాయుడు గారి కథలు ఉగ్గుపాలతో పోస్తారు. వీరఘట్టంలో 1882లో పుట్టాడు, ఛాతీకి గొలుసు చుట్టి ఊపిరి బిగించి తెంపేవాడని చెప్పుకుంటారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. కానీ మా తరం ఆడపిల్లలకి మనిషంటే కరణం మల్లీశ్వరే. ఆముదాలవలస దగ్గర వూసవానిపేట ఆవిడది.

హోస్ట్: 2000 సిడ్నీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు.

అక్క: 69 కిలోల విభాగం. ఒకే ఊపులో నేల మీంచి తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అందరికీ ఇంతవరకే తెలుసు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ చివరి ప్రయత్నం. క్లీన్ అండ్ జెర్క్‌లో 137.5 వేయించారు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి మొత్తం 242.5. ఆ 137.5 లేచుంటే మనది 247.5 అయ్యేది. లేవలేదు.

హోస్ట్: అప్పటికి పతకం చేతిలో ఉంది, అయినా అంత బరువు.

అక్క: 1994, 95ల్లో ప్రపంచ ఛాంపియన్ ఆవిడ. కాంస్యం కోసం కాదు వెళ్ళింది. లేవకపోవడం గురించి మనవాళ్ళు ఇప్పటికీ అయ్యో అంటారు. నాకు అయ్యో అనిపించదు. అంత బరువు అడిగే హక్కు సంపాదించుకున్న మనిషి అడిగింది, అంతే. మన జిమ్‌లో తేడా ఏంటంటే, హక్కు లేకుండా అడుగుతాం. నాలుగు వీడియోలు చూసి, పక్కవాడు ఎత్తాడని, ఫ్రెండ్స్ రెచ్చగొట్టారని.

హోస్ట్: మణిపూర్ లిఫ్టర్ మీరాబాయి చాను కూడా ఉంది. 2016 రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ పోయాయి. మొత్తమే లెక్కకి రాలేదు. మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్. టోక్యోలో 202 కిలోలతో రజతం.

అక్క: రియో నుంచి వచ్చిన వెంటనే ఆ అమ్మాయితో ఎవరు ఏం మాట్లాడి ఉంటారా అని నేను అనుకుంటుంటాను. "పర్లేదులే" అని ఉంటే ఒళ్ళు మండుతుంది కదా. పర్లేదు ఎలా అవుతుంది? మనవాళ్ళు ఎవరైనా ఫెయిలైతే నేనైతే కాసేపు ఏమీ మాట్లాడను. ప్లేట్లు తీయడంలో సాయం చేస్తాను. వాళ్ళంతట వాళ్ళు "ఎక్కడ ఆగింది?" అని అడిగినప్పుడు చూసింది చెప్తాను.

హోస్ట్: ఆడవాళ్ళ సంగతి. మీతోపాటు ఇప్పుడు పొద్దున్న బ్యాచ్‌లో ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు.

అక్క: మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "బరువులెత్తితే మగాళ్ళలా అయిపోతామా?" మగాళ్ళు ఏళ్ళతరబడి ఎత్తుతూ మగాళ్ళలా అవ్వడానికే నానా తంటాలు పడుతున్నారమ్మా, నీకు అంత తేలిగ్గా ఎలా వస్తుంది అంటాను. (నవ్వు) నిజానికి కండ పెంచే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ మనకి వాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. అంత కండ అనుకోకుండా రాదు. రెండోది, మేం ఒంటి గురించి మాట్లాడుకోం. "సన్నబడ్డావే" అని కూడా అనం. ఆ మాట వింటే మంచిగానే ఉంటుంది, కానీ మర్నాటి నుంచి తిండి మానేస్తారు. తిండి మానేస్తే బార్ లేవదు.

హోస్ట్: మనవాడి అరవై కిలోలు ఆగడానికి కూడా తిండి కారణం కావచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్ళకి రోజుకి శరీర బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి అటూ ఇటూగా యాభై గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి సాధారణంగా కిలోకి ఒకటిన్నర గ్రాముల దాకా చెప్తారు, అంటే తొంభై. మన భోజనం పళ్ళెంలో అన్నం కొండంత, పప్పు చారెడు. లెక్క ఎక్కడ కుదురుతుంది?

అక్క: పౌడర్ డబ్బా కొనాలని ఏం లేదు. గుడ్డులో ఆరు గ్రాములు. పొద్దున్న పెసరట్టు, పక్కన రెండు గుడ్లు. మీల్‌మేకర్ అయితే ఎండువి వంద గ్రాముల్లో యాభై గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, శాకాహారులకి అంత చవకైనది ఇంకోటి లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పెంచొద్దు.

హోస్ట్: చివరి ప్రశ్న, ఇంకో శ్రోతది. అమ్మకి అరవై దాటాయి, మోకాళ్ళు నొప్పులు, ఆవిడతో బరువులు చేయించొచ్చా అని.

అక్క: ముందు డాక్టర్‌కి చూపించు. ఆయన సరేనంటే తప్పకుండా చేయించు. పెద్దవాళ్ళు కూడా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. నెలసరి ఆగాక ఆడవాళ్ళ ఎముకలు తొందరగా గుల్లబారతాయి, బరువు మోస్తే ఆ వేగం తగ్గుతుంది. మొదట బార్ అక్కర్లేదు. కుర్చీలో కూచుని చేతులు ఆనించకుండా లేవమను. పది లేస్తే చాలు. అది తేలికయ్యాక కాస్త తక్కువ ఎత్తు కుర్చీ. తర్వాత చేతిలో రెండు కిలోల బియ్యం సంచీ. అమ్మ ఎన్నిసార్లు లేచిందో నువ్వు పక్కన కూచుని లెక్కపెట్టు, సీరియల్ చూస్తూ కాదు.

హోస్ట్: అరవై కిలోల తమ్ముడికి?

అక్క: ఓ వారం నలభై ఐదుకి దిగి నింపాదిగా చేసుకో. కడుపునిండా తిని పడుకో. పైవారం మళ్ళీ అరవై పెట్టి చూడు. ఏమైందో మాకు మెసేజ్ పెట్టు, రెప్స్ ఎన్నో కూడా రాయి.

హోస్ట్: వచ్చే వారం డెడ్‌లిఫ్ట్, నడుము నొప్పి గురించి ఒక ఫిజియోథెరపిస్ట్‌తో మాట్లాడుతున్నాం. ప్రశ్నలుంటే ముందే పంపండి. అక్కా, థాంక్స్.

అక్క: థాంక్స్ సరే, నా అర కిలో ప్లేట్లు ఎప్పుడిస్తావు?