మేడ మీద దోసపండు: పండూ దక్కాలి, విత్తనమూ దక్కాలి

అందరికీ నమస్కారం.

కర్బూజా ఏ పళ్లబండి మీదైనా దొరుకుతుంది. కానీ ముగ్గగానే నిలువునా పగిలే మన నాటు దోసపండు, బెల్లం కలుపుకుని తినేది, విశాఖలో వెతుక్కోవాల్సి వస్తోంది. లారీ ఎక్కించేలోపే పగిలిపోయే పండు వ్యాపారికెందుకు? అందుకే అది మనం పండించుకోవాల్సిన పంట.

జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో గింజ వేయండి. వానలు దిగేలోపు పండు చేతికొస్తుంది. అక్టోబరు పంట జోలికి పోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో ఈ ఊరివాళ్లకు నేను చెప్పాలా?

అసలు టెన్షన్ పూత దగ్గర. పూలు విరగబూస్తాయి, పిందె నిలవదు. మొదట వచ్చేవన్నీ మగపూలే. పిందె కట్టేవి ఎక్కువగా పక్క కొమ్మలకు వస్తాయి కాబట్టి, నాలుగైదు ఆకులు రాగానే తీగ కొస తుంచేయండి. ఐదో అంతస్తు దాకా తేనెటీగలు రాకపోతే ఆ పని మనదే. రేపు విచ్చుకోబోయే మగమొగ్గనీ, అడుగున బుల్లి పిందె ఉన్న మొగ్గనీ ముందురోజు సాయంత్రమే దారంతో మెత్తగా కట్టేయండి. తెల్లారి ఎండ ముదరకముందే మగపువ్వు రేకలు తుంచి, పుప్పొడిని రెండోదాని మధ్యలో అద్ది, మళ్లీ కట్టేయండి. పిందె ఉన్న పువ్వులోనే పుప్పొడి కనిపించినా కంగారు లేదు, అదీ మన రకమే. కాడకు రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి.

ఇంత కట్టడి ఎందుకంటే, పక్క బకెట్లో కర్బూజా ఉంటే తేనెటీగ రెండింటినీ కలిపేస్తుంది. రెండూ ఒకే జాతి. కీరాతో ఆ భయం లేదు: దాని క్రోమోజోములు 14, వీటివి 24. కర్బూజాతో కలిసినా ఈ ఏటి పండు రుచి మారదు, గుజ్జు తల్లిపాదుది. తేడా ఆ గింజ నాటిన వచ్చే ఏడు బయటపడుతుంది. ‘పక్కన కీరా పెట్టాం, పండు చప్పబడింది’ అనేవాళ్లు నీళ్లెక్కువ పోశారేమో చూసుకోండి.

పండు ఈగకు మామిడి తోటల్లో పెట్టే ఈగల ట్రాప్ తగిలించి ఊరుకోవద్దు. అందులోది మిథైల్ యూజినాల్ అనే ఎర మందు, దోసను కుట్టే ఈగ దానికి రాదు. క్యూ లూర్ అనే ఎర ఉన్న ట్రాప్ అడగండి. అదీ మగ ఈగలనే లాగుతుంది కాబట్టి పిందెకు కాగితం సంచి తొడగాల్సిందే.

గుర్తు కట్టిన పండును పాదు మీదే ముగ్గనివ్వండి. గింజల్ని గుజ్జుతోనే రెండు రోజులు ఊరనిచ్చి కడిగితే తాలు తేలిపోతుంది. మునిగినవి నీడలో ఆరబెట్టి గాజు సీసాలో పోయండి, మన సముద్రపు చెమ్మకు కాగితం పొట్లాలు ఆగవు. సీసా మీద రకం, ఏడాది, ఎవరిచ్చారో రాయండి. ఉత్త ‘దోస’ అని రాస్తే, అది పప్పులోకో పళ్లెంలోకో తేలడానికి కాయ కాసేదాకా ఆగాలి.