గడప దాటడానికి పన్నెండేళ్లు

సభకు నమస్కారం.

1971 ఆగస్టు 15, ఆదివారం సాయంత్రం అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ టీవీలో దేశంతో మాట్లాడాడు. 90 రోజుల పాటు జీతాలు, ధరలు, అద్దెలు పెంచడానికి వీల్లేదన్నాడు. దిగుమతుల మీద అదనంగా 10 శాతం పన్ను వేశాడు. విదేశీ ప్రభుత్వాలు డాలర్లిచ్చి బంగారం తీసుకునే ఏర్పాటును ఆపేశాడు. ఇదంతా చేసినవాడు రిపబ్లికన్. మార్కెట్‌లో ప్రభుత్వం వేలు పెట్టకూడదని చెప్పి ఓట్లడిగే పార్టీ మనిషి.

జనంలో ఎక్కువమంది ఆ ప్రకటనను మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. కానీ కొలరాడోలో డేవిడ్ నోలన్ అనే యువకుడికి మాత్రం అది మింగుడు పడలేదు. చదువుకునే రోజుల్లో రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ కోసం తిరిగినవాడు. ఆ ఏడాది డిసెంబర్ 11న ఆయనా, మరికొందరు మిత్రులూ కలిసి లిబర్టేరియన్ పార్టీ పెట్టుకున్నారు. మార్కెట్‌లోనూ, మనిషి సొంత బతుకులోనూ ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలనే స్వేచ్ఛావాదుల పార్టీ అది.

రిపబ్లికన్ల మీద అంత కోపం వస్తే డెమొక్రాట్లలో చేరిపోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. జీతాలు, ధరలు ఆపే అధికారం నిక్సన్ చేతికి ఎక్కడిది? 1970లో డెమొక్రాట్ల మెజారిటీ ఉన్న కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చేసిన చట్టం నుంచి వచ్చింది. ఒకరు కత్తి నూరి ఇచ్చారు, ఇంకొకరు వాడారు. నోలన్‌కు రెండు గుమ్మాలూ ఒకేసారి మూసుకుపోయాయి.

పెద్ద పార్టీలను వదిలి ఈ దారిలో నడిచినవాళ్ల జీవితాలు చదివేకొద్దీ నాకు ఒక సంగతి బలపడుతూ వచ్చింది. పార్టీ మీద నమ్మకం లేనివాడు పార్టీని వదలడు, పట్టించుకోవడం మానేస్తాడు అంతే. వదిలి వచ్చేవాడు ఆ పార్టీ చెప్పిన ఏదో ఒక మాటను పార్టీ నాయకుల కన్నా గట్టిగా నమ్మినవాడై ఉంటాడు. ఇంకోటి కూడా. అభిప్రాయం మారడానికి ఒక్క వేసవి చాలు. పార్టీతో ఉన్న బంధం తెగడానికి ఏళ్లు పడుతుంది.

ఆర్థికవేత్త థామస్ సోవెల్ సంగతి చూడండి. ఇరవైల వయసంతా ఆయన మార్క్సిస్టు. షికాగో విశ్వవిద్యాలయంలో స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ దగ్గర చదువుకున్నా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. ఎంత గొప్ప గురువు దొరికినా వాదన ఒక్కటే మనిషిని మార్చదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. 1960 వేసవిలో ఆయన అమెరికా కార్మిక శాఖలో పనికి కుదిరాడు. ప్యూర్టోరికో చక్కెర పరిశ్రమలో కనీస వేతనాల మీద పని. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఆ పరిశ్రమలో ఉద్యోగాలు తగ్గుతున్నట్టు ఆయన కంట పడింది.

ఎందుకు తగ్గుతున్నాయి? వేతనం పెంచినందువల్లే కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయన్నది ఒక వివరణ. తుపానులొచ్చి చెరకు తోటలు పాడైపోయాయి, అందుకే పని తగ్గిందన్నది ఇంకో వివరణ. రెంటిలో ఏది నిజమో తేల్చడానికి సోవెల్ ఒక ఉపాయం ఆలోచించాడు. తుపాను రావడానికి ముందు పొలాల్లో ఎంత చెరకు నిలబడి ఉందో లెక్కలు కావాలన్నాడు. ఆ లెక్క దొరికితే చిక్కు విడిపోతుందని ఉత్సాహంగా చెప్పాడు. ఆఫీసులో ఎవరూ సంతోషించలేదు. అందరూ ఇబ్బందిగా చూశారు. అప్పుడు ఆయనకు అర్థమైంది, ఆ శాఖ డబ్బులో, ఉద్యోగాల్లో పెద్ద భాగం ఆ చట్టాన్ని అమలు చేయడం మీదే నిలబడి ఉందని. చట్టం పేదవాడికి మేలు చేస్తోందా కీడు చేస్తోందా అన్నది సోవెల్‌కు ప్రాణంతో సమానమైన ప్రశ్న. ఆఫీసుకు అది అసలు ప్రశ్నే కాదు.

గమనించండి, పేదవాడి మీద ఆయనకున్న పట్టింపు ఎక్కడికీ పోలేదు. ప్రభుత్వ శాఖ ఆ పట్టింపును పంచుకుంటుందన్న నమ్మకం పోయింది. వామపక్షం నుంచి స్వేచ్ఛావాదం వైపు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. విలువలు వదిలేసి వచ్చారని పాత మిత్రులు నిందిస్తారు. నిజానికి ఆ విలువలే వాళ్లను బయటికి నెట్టాయి.

ఇక పార్టీ మాట. సోవెల్ 1972 దాకా ఓటరుగా డెమొక్రాట్‌గానే నమోదై ఉన్నాడు. ఆ తర్వాత ఏ పార్టీలోనూ చేరలేదు. తనకు ఏ ముద్రా ఇష్టం లేదనీ, తప్పదంటే చాలా పేర్లకన్నా లిబర్టేరియన్ అన్నదే నయమనీ, అలాగని వాళ్లతోనూ అన్నిటా ఏకీభవించననీ చెప్పాడు. 1960లో కళ్లు తెరుచుకున్నాయి, 1972లో గడప దాటాడు. మధ్యలో పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లలో ఆయన మనసులో ఏం జరిగిందో నేను ఊహించి చెప్పను. కానీ ఆ వ్యవధిని చూసి నేను ఆశ్చర్యపోవడం మానేశాను. పార్టీ అంటే మనం చదివిన మేనిఫెస్టో ఒక్కటే కాదు. ఇంట్లో పెద్దలు, పనిచేసే చోట స్నేహితులు, ఎన్నికల రాత్రి ఎవరితో కూర్చుని ఫలితాలు చూస్తామో వాళ్లు కూడా.

కుడివైపు నుంచి వచ్చేవాళ్ల దారి వేరు. వాళ్లు పన్నుల దగ్గరో, తుపాకుల దగ్గరో, ప్రభుత్వ ఖర్చు దగ్గరో మొదలుపెడతారు. ఆర్థిక స్వేచ్ఛ వాళ్లకు పాత చుట్టమే. వాళ్లకు కష్టమైన సగం ఇంకోవైపు ఉంటుంది. మత్తుమందుల చట్టాలు, యుద్ధం, వలస, ఇద్దరు మగవాళ్ల పెళ్లి. ఎడమవైపు నుంచి వచ్చేవాళ్లకు సరిగ్గా తిరగేసి. పోలీసు, జైలు, యుద్ధం విషయంలో ప్రభుత్వాన్ని అనుమానించడం వాళ్లకు అలవాటే. అదే అనుమానాన్ని లైసెన్సుల మీదికీ, సబ్సిడీల మీదికీ తీసుకెళ్లమంటే కాళ్లు తడబడతాయి. నోలన్ గీసిన ప్రసిద్ధమైన పటంలో కూడా రెండు కొలతలున్నాయి, ఒకటి ఆర్థిక స్వేచ్ఛ, రెండోది వ్యక్తిగత స్వేచ్ఛ. రెండూ ఎక్కువగా కోరుకునేవాడు లిబర్టేరియన్. పటం మీద అది ఒక మూల. బతుకులో ఆ మూలకు చేరడానికి ప్రతి ఒక్కరూ తమకు ఇష్టం లేని సగం గుండా నడవాలి.

ఆ నడక ఎలా ఉంటుందో చూడాలంటే 2008 మే నెలలో డెన్వర్‌లో జరిగిన లిబర్టేరియన్ మహాసభకు వెళ్లాలి. అధ్యక్ష అభ్యర్థిత్వం కోరినవాళ్లలో ఇద్దరు ఒకే హాల్లో ఉన్నారు. ఒకరు జార్జియా నుంచి వచ్చిన ప్రతినిధుల సభ మాజీ సభ్యుడు, రిపబ్లికన్‌గా గెలిచిన బాబ్ బార్. ఇంకొకరు అలాస్కాకు చెందిన మాజీ డెమొక్రాట్ సెనేటర్ మైక్ గ్రావెల్.

బార్ గతం వింటే ఆయన అక్కడ ఏం చేస్తున్నాడా అనిపిస్తుంది. 1996లో స్వలింగ వివాహాలను ఫెడరల్ ప్రభుత్వం గుర్తించకుండా చేసిన చట్టాన్ని రాసింది ఆయనే. 1998లో రాజధాని వాషింగ్టన్ ప్రజలు రోగులకు మందుగా గంజాయి ఇవ్వచ్చా లేదా అని ఓటేశారు. ఓటింగ్ అయిపోయింది, కానీ ఫలితం బయటికి రాలేదు. దానికి ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టకూడదని బార్ ఒక సవరణ పెట్టించాడు. వేసిన ఓట్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఏడాదికి దగ్గరగా గడిచాక, 1999లో కోర్టు చెబితే లెక్క బయటపడింది. దాదాపు 69 శాతం మంది ఔనన్నారు. 2001లో ప్రభుత్వానికి నిఘా అధికారాలు పెంచిన పేట్రియట్ చట్టానికీ బార్ ఓటేశాడు. 2002 రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆయన్ను ఓడించాలని ఈ లిబర్టేరియన్ పార్టీయే టీవీలో ప్రకటనలు ఇచ్చింది. ఆయన ఓడిపోయాడు.

ఆ పేట్రియట్ చట్టం ఇచ్చిన అధికారాలను ప్రభుత్వం ఎంత దూరం లాగుతోందో చూశాక బార్ మారడం మొదలైంది. 2007 నాటికి గంజాయి చట్టాలను సడలించాలని కోరే సంస్థ తరఫున పనిచేస్తూ, తన పేరుతోనే ఉన్న ఆ సవరణను రద్దు చేయించడానికి తిరిగాడు. 2009లో తాను రాసిన వివాహ చట్టాన్నీ రద్దు చేయమన్నాడు. రాజకీయాల్లో తన సంతకమున్న కాగితాన్ని తానే చింపమని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ ఒక్క పనికి నేను ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. తర్వాత ఆయన ఎటు వెళ్లినా సరే.

గ్రావెల్‌ది అవతలి ఒడ్డు. 1971లో నిర్బంధ సైనిక సేవను పొడిగించకుండా సెనేట్‌లో గంటలకు గంటలు అడ్డుపడ్డాడు. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం దాచిన పెంటగాన్ పత్రాలను ఆ ఏడాది జూన్‌లో, రాత్రి పొద్దుపోయాక, ఒక చిన్న సబ్‌కమిటీ సమావేశం పెట్టి చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ ఏడ్చేశాడు. మిగతావి రికార్డుల్లో చేర్పించాడు. స్వేచ్ఛ కోసం ఇంతకన్నా తెగించినవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరనే నేననుకుంటాను. అయినా మహాసభ ప్రతినిధులు ఆయన్ను ఒప్పుకోలేదు, ఎందుకంటే అందరికీ ప్రభుత్వమే వైద్యం ఇవ్వాలన్న మాట ఆయన వదల్లేదు. ఆరు రౌండ్ల ఓటింగ్ తర్వాత బార్ అభ్యర్థి అయ్యాడు.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. రెండు దారుల్లో వచ్చినవాళ్లకు ఆ పార్టీ ఒకే కొలత వాడలేదు. మార్కెట్ గురించి ముందే ఒప్పుకుని వచ్చినవాడి పాత పాపాలను తొందరగా మన్నించింది. యుద్ధం గురించి ముందే ఒప్పుకుని వచ్చినవాడిని మిగతా సగం ఇప్పుడే ఒప్పుకోమని పట్టుబట్టింది. ఆ పార్టీ అధ్యక్ష పదవికి నిలబెట్టిన ఈ ముగ్గురినీ చూడండి: 1988లో రాన్ పాల్, 2008లో బార్, 2012లోనూ 2016లోనూ గ్యారీ జాన్సన్, అందరూ రిపబ్లికన్ పార్టీలో గెలిచి వచ్చినవాళ్లే. ఇటు డెమొక్రాట్లలో యుద్ధం మీద విరక్తితో బయటికొచ్చిన యువతీయువకులు గుమ్మం దాకా వచ్చి, లోపల వినిపించే మాటతీరు చూసి వెనక్కి తిరిగిపోయారంటే తప్పు వాళ్లదే అనలేను. 2024లో అభ్యర్థి అయిన చేజ్ ఆలివర్ అలాంటి అరుదైన మినహాయింపు. ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ డెమొక్రాట్లతో నడిచి, ఒబామా వచ్చాక కూడా యుద్ధాలు ఆగకపోవడం చూసి ఇటు వచ్చాడు.

పార్టీ విధేయతలో అన్నిటికన్నా ఆలస్యంగా చచ్చేది సొంత పార్టీ మీద ప్రేమ అనుకుంటాం. నా పరిశీలనలో అది ఎదుటి పార్టీ మీద ద్వేషం. పుట్టిన పార్టీని తిట్టడం కొన్నాళ్లకు తేలికైపోతుంది. కానీ ‘ఆ రెండోవాళ్లు మాత్రం గెలవకూడదు’ అన్న భయం ఎన్నికల ముందు రాత్రి మళ్లీ లేస్తుంది. 2016లో గ్యారీ జాన్సన్‌తో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన బిల్ వెల్డ్, మసాచుసెట్స్ మాజీ రిపబ్లికన్ గవర్నర్, పోలింగ్‌కు వారం ముందు టీవీలో హిల్లరీ క్లింటన్ యోగ్యతకు తాను హామీ అన్నాడు. బ్యాలెట్ మీద తన పేరు ఉండగానే! చాలామంది కార్యకర్తలు దాన్ని ద్రోహమన్నారు. నాకది ట్రంప్ గెలుపు మీద భయమే అనిపిస్తుంది, ఆ భయం వెల్డ్ ఒక్కడిదే కూడా కాదు. 2019లో వెల్డ్ మళ్లీ రిపబ్లికన్ అయ్యాడు, అదీ ట్రంప్ మీద ఆ పార్టీలోనే పోటీ చేయడానికి.

తిరిగి వెళ్లిపోయినవాళ్ల జాబితా పెద్దదే. రాన్ పాల్ 1996లో రిపబ్లికన్‌గా మళ్లీ ప్రతినిధుల సభకు గెలిచాడు. బార్ 2014లో రిపబ్లికన్ ప్రైమరీలో నిలబడి ఓడాడు. గ్రావెల్ 2020 ఎన్నికలకు డెమొక్రాట్‌గా బరిలోకి దిగాడు. వీళ్లను నిలకడ లేనివాళ్లని తేల్చేయడం సులువు. ఎన్నికల పద్ధతి చూడండి మరి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుస్తాడు, మిగతావాళ్ల ఓట్లకు సీట్లు రావు. టీవీ చర్చలో నిలబడాలంటే సర్వేల్లో 15 శాతం ఉండాలన్నారు. జాన్సన్ 2016లో తెచ్చుకున్నది సుమారు 45 లక్షల ఓట్లు, 3.3 శాతం. ఆ పార్టీ చరిత్రలో అదే అత్యధికం. ఆలోచన మారినవాడు ఆ ఆలోచనను చట్టం చేయాలనుకుంటే, ఏదో ఒక పెద్ద పార్టీ తలుపు మళ్లీ తట్టక తప్పని ఏర్పాటు ఇది. ఫ్రీడ్‌మన్ ఈ చిక్కును నేరుగా ఒప్పుకునేవాడు. నమ్మకంలో లిబర్టేరియన్, అవసరం కొద్దీ రిపబ్లికన్. అలా ఉంటూనే నిక్సన్ వేసిన కమిషన్‌లో కూర్చుని నిర్బంధ సైనిక సేవను ఎత్తేయాలని వాదించాడు. 1973లో అది పోయింది. ఏ లిబర్టేరియన్ అభ్యర్థి గెలుపు కన్నా ఆ ఒక్క మార్పు వేలమంది కుర్రవాళ్లకు ఎక్కువ స్వేచ్ఛనిచ్చిందని నేను నమ్ముతాను.

చివరగా మిషిగన్‌కు చెందిన జస్టిన్ అమాష్. 2011లో రిపబ్లికన్‌గా ప్రతినిధుల సభకు వెళ్లాడు. తాను వేసిన ప్రతి ఓటుకూ కారణం ఫేస్‌బుక్‌లో రాసేవాడు. బిల్లు చిన్నదా పెద్దదా అని చూసేవాడు కాదు. పార్టీ ఏం చెప్పిందన్నది ఆ వివరణల్లో కారణంగా ఎప్పుడూ నిలవలేదు, రాజ్యాంగం ఏం చెబుతోందన్నదే నిలిచేది. 2019 జులై 4న రిపబ్లికన్ పార్టీని వదిలాడు. 2020లో లిబర్టేరియన్ పార్టీలో చేరి, ఆ పార్టీ తరఫున కాంగ్రెస్‌లో కూర్చున్న మొదటి సభ్యుడయ్యాడు. 2024లో సెనేట్ కోసం మళ్లీ రిపబ్లికన్ ప్రైమరీలో పోటీ చేశాడు. పార్టీ పెద్దల మద్దతున్న మైక్ రోజర్స్ చేతిలో ఓడిపోయాడు. అమాష్ పార్టీ ఎన్నిసార్లు మారాడని నన్ను ఎవరైనా అడిగితే ఆ ఓట్ల వివరణలు చదవమంటాను. రిపబ్లికన్‌గా, స్వతంత్రుడిగా, లిబర్టేరియన్‌గా రాసినవి వరుసగా పెట్టి, పైనున్న తేదీలు చెరిపేసి చదివితే, ఆయన ఏది రాసినప్పుడు ఏ పార్టీలో ఉన్నాడో పోల్చుకోవడం చాలా కష్టం.