బత్తాయికి పొటాష్: ఎంత కాదు, ఎక్కడ, ఎప్పుడు

తోటల రైతులందరికీ నమస్కారం. ఈ పూట బత్తాయి, నిమ్మ తోటలకు పొటాష్ వేసే పద్ధతి గురించి మాట్లాడుకుందాం. ఎంత వెయ్యాలని అందరూ అడుగుతారు గానీ ఎక్కడ వెయ్యాలి, ఎప్పుడెప్పుడు వెయ్యాలి అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే కాయ సైజు తేలేది అక్కడే.

ఆకులో తయారైన చక్కెరను కాయకు చేర్చేది, కాయలో నీరు నిలిపి ఊరించేది పొటాషే. అది తక్కువైతే ఆకు మీద తొందరగా ఏమీ కనపడదు, చెట్టు పచ్చగానే ఉంటుంది. కాయ మాత్రం చిన్నదవుతుంది, తోలు పలచబడుతుంది, పగులుతుంది, రాలుతుంది. మార్కెట్‌లో కుప్ప పోశాక తెలిస్తే ఏం లాభం?

కాపు మీదున్న బత్తాయి చెట్టుకు ఏడాదికి 400 గ్రాముల పొటాష్ సిఫారసు. ఎర్ర పొటాష్‌లో (మ్యూరేట్ ఆఫ్ పొటాష్) అసలు పొటాష్ 60 శాతమే ఉంటుంది కాబట్టి అది సుమారు 670 గ్రాములు వెయ్యాలి. ఇదంతా ఒక్కసారే తెచ్చి చెట్టు మొదలు దగ్గర పోసి నీళ్లు వదులుతుంటారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మొదలు దగ్గర తిండి తీసుకునే వేర్లు చాలా తక్కువ. మధ్యాహ్నం కొమ్మల చివర నీడ పడేచోట మట్టిని నాలుగు వేళ్ల లోతు గీరి చూడండి, సన్నటి పీచువేర్లు చేతికి తగులుతాయి. మందు అక్కడ చుట్టూ చల్లి, మట్టిలో కలిపి, తడి ఇవ్వాలి. డ్రిప్ ఉంటే తడి పడే వలయంలోనే.

మన ఎర్ర చెల్కలకు పొటాష్‌ను పట్టి ఉంచే శక్తి తక్కువ, గట్టి వాన పడితే కిందికి దిగిపోతుంది. అందుకే విడదీసి వెయ్యండి: పూత కోసం నీళ్లు పెట్టేటప్పుడు కొంత, కాయ గోలీకాయంత అయ్యాక మిగతాది రెండు మూడు సార్లుగా. సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియం పోటీకి వచ్చి వేరుకు పొటాష్ అందనీయదు. అక్కడ ఆకు మీద పిచికారీ బాగా పనికొస్తుంది.

పిచికారీతోనే సరిపెట్టొచ్చా? లెక్క చూడండి. 13-0-45 (నీళ్లలో కరిగే పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 10 గ్రాములు కలిపి చెట్టుకు 10 లీటర్లు కొడితే, అందులో పొటాష్ 45 గ్రాములే. చెట్టుకు కావాల్సింది 400. కాబట్టి అది భూమిలో వేసేదానికి తోడు మాత్రమే, బదులు కాదు.

ఎక్కువేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. తోలు మందమై రసం తగ్గుతుంది, పులుపు పెరుగుతుంది. నకిరేకల్ మార్కెట్‌కు పోయే నిమ్మకు పులుపు పెరిగితే నష్టం లేదు గానీ నల్లగొండ బత్తాయికి తీపి ముఖ్యం. పైగా మెగ్నీషియం అందక ముదురాకులు పసుపెక్కుతాయి. ఇంకోమాట, మంగు (కాయ తోలు మీద వచ్చే తుప్పు రంగు మచ్చ) పోతుందని పొటాష్ వేసేవాళ్లున్నారు. మంగు వచ్చేది నల్లి అనే కంటికి ఆనని సన్న పురుగు వల్ల, దానికీ దీనికీ సంబంధం లేదు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండి ఆకు కొసలు మాడుతుంటే ఎర్ర పొటాష్ మానండి, అందులో దాదాపు సగం క్లోరైడే. ధర ఎక్కువైనా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి, చెట్టుకు 800 గ్రాములు పడుతుంది. డ్రిప్‌లో వదిలేవాళ్లు దాన్ని కాల్షియం నైట్రేట్‌తో ఒకే డ్రమ్ములో మాత్రం కలపొద్దు. రెండూ కలిస్తే జిప్సమ్ అడుగున పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఒకటి ఈ వారం వదిలితే రెండోది పై వారం వదలండి.