ఈజీఆర్ వాల్వుకి డమ్మీ బోర్డు: ఈసీయూకి ఏం చెబుతుంది, ఎలా చెబుతుంది?

[బల్ల మీద మసి పట్టిన పాత వాల్వు, పక్కన అరచేతంత బోర్డు]

నమస్తే అండీ. ఇది నెల్లూరు ఆటోనగర్‌లో తుక్కు కింద పడేసిన ఒక డీజిల్ బండి ఈజీఆర్ వాల్వు. మసి చూడండి, కట్టెల పొయ్యి మీద పెనం అడుగులా లేదూ? పక్కనున్న బోర్డులో కదిలే ముక్క ఒక్కటీ లేదు. అయినా ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటరు, దీన్నే వాల్వు అనుకుంటుంది.

వాల్వు పని చిన్నదే. సైలెన్సరు వైపు పోయే పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపుతుంది. అది మండిపోయిన గాలి కాబట్టి మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి.

మనకి తెలిసిన కాలవ తూము అనుకోండి. ఇంజనీరు ఫోన్ చేసి "తలుపు రెండడుగులు ఎత్తు" అంటాడు. లస్కరు ఎత్తి, కొలత చూసి "రెండడుగులు సార్" అంటాడు. ఇంజనీరు ఈసీయూ, లస్కరు వాల్వులోని సెన్సారు. మన బోర్డు మాత్రం ఇంట్లో మంచం దిగకుండానే "ఎత్తేశా సార్" అనే లస్కరు!

[కనెక్టరు దగ్గరగా]

అయిదు పిన్నులు. రెండు కాయిల్‌వి (కరెంటు పారితే వాల్వుని తెరిచే తీగచుట్ట), మూడు సెన్సారువి: 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. ఈ సర్క్యూట్ కాయిల్ రకానికే. లోపల మోటారు అటూ ఇటూ తిరిగే రకాలకి ఇది పనికిరాదు.

ముందు కాయిల్. ఈసీయూ అందులో కరెంటు పారుతోందా అని చూస్తుంది. పారకపోతే పీ0403 అనే లోపం కోడ్ వేస్తుంది. అందుకే కాయిల్ బదులు 10 ఓముల రెసిస్టరు. 14 వోల్టుల దగ్గర 1.4 ఆంపియర్లు, అంటే దాదాపు 20 వాట్ల వేడి. పావు వాటు రెసిస్టరు పెడితే పొగ మన బోర్డు నుంచే వస్తుంది. అల్యూమినియం ఒంటి 50 వాట్లది కొనండి.

ఇక అసలు సంగతి. ఈసీయూ కాయిల్‌కి కరెంటు సెకనుకి వందసార్లు వేసి తీస్తుంది అనుకుందాం. 10 మిల్లీసెకన్లలో 4 ఆన్ ఉంటే డ్యూటీ 40 శాతం, వాల్వు అంత తెరవాలన్నమాట. తిరకాసేమిటంటే ఈసీయూ ఎర్త్ వైపు తీగని కలుపుతుంది. ఆన్ అయినప్పుడు ఆ పిన్ను మీద 0, ఆఫ్‌లో 12 వోల్టులు. తలకిందులు! బీసీ547 ట్రాన్సిస్టరు దాన్ని తిరగేసి, 0 నుంచి 5 వోల్టుల పల్సుగా ఇస్తుంది. తరవాత 100 కిలో ఓములు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఆ పల్సుల్ని చదును చేస్తాయి. 40 శాతానికి 2 వోల్టులు వస్తాయి.

కానీ అసలు సెన్సారు మూసినప్పుడు 0 చూపించదు. తీగ తెగిందో, వాల్వు మూసిందో తెలియాలి కదా. మా బండి లెక్కలో మూస్తే 1, పూర్తిగా తెరిస్తే 4 వోల్టులు. మూడు రెసిస్టర్లతో పని అయిపోతుంది: మన 2 వోల్టుల నుంచి 10 కిలో ఓములు, 5 వోల్టుల నుంచి 30, ఎర్త్ నుంచి 30, మూడూ ఒకచోట కలిస్తే 2.2 వోల్టులు. ఎల్‌ఎం358 చిప్పులో రెండు ఆంప్లిఫయర్లుంటాయి, ఒకటి ఈ మూడింటికి ముందు, ఒకటి తరవాత.

ఇక్కడ నేను ఒక రాత్రంతా తల పట్టుకున్నా. డ్యూటీ 70 దాటినా వోల్టేజి 3.1 దగ్గరే ఆగిపోయింది. చిప్పుకి 5 వోల్టులే ఇచ్చానన్నమాట. ఎల్‌ఎం358 తన సప్లై కంటే దాదాపు వోల్టున్నర కిందే ఆగిపోతుంది. 12 ఇచ్చాక సరిపోయింది. సిగ్నల్ తీగ మీద 5.1 వోల్టుల జెనర్ డయోడ్ మర్చిపోకండి, లేకపోతే చిప్పు పాడైన రోజు 12 వోల్టులు ఈసీయూలోకి పోతాయి.

[స్కానరు తెర]

"అయితే బండికి తగిలించేసి తోలుకోవచ్చా?" అని ఎవరైనా అడుగుతారు. లస్కరు అబద్ధం ఆడినా ఆయకట్టు చివరి రైతు ఫోన్ చేస్తాడు కదా! గాలి కొలిచే సెన్సారు ఆ రైతే. వాల్వు తెరిస్తే కొత్త గాలి తగ్గాలి. తగ్గకపోతే పీ0401 పడుతుంది. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి బీఎస్6 పొగ నిబంధనలు. రోడ్డు మీద బండికి ఇది పెట్టడం తప్పు పనే, నేను చెయ్యను.

మరి ఎందుకు? మొన్న రొయ్యల మేత తోలే ఒక బండి వచ్చింది, పీ0405 కోడ్‌తో, అంటే వాల్వు సెన్సారు సిగ్నల్ మరీ తక్కువని. మేస్త్రీ "వాల్వు పోయిందబ్బయ్యా, కొత్తది ఏసేద్దాం" అన్నాడు. ముందు ఈ బోర్డు తగిలించాం. బోర్డు దగ్గర మీటరులో 1 వోల్టు, ఈసీయూకి అందింది చూపే స్కానరులో 0. అంటే తప్పు వాల్వుది కాదు, మధ్యలో తీగే తెగింది. విప్పి చూస్తే బ్యాటరీ కింద ఎలుక కొరికిన సిగ్నల్ తీగ. జానెడు తీగ, రెండు సాల్డరింగులు, మధ్యాహ్నానికి బండి వెళ్లిపోయింది.